ఎనకాల వస్తాండాడు

మొన్న గురువారం మధ్యాహ్నం గిద్దలూరు నుంచి ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు దిగి, ఊళ్లోకి బస్సు పట్టుకుని, నాలుగు చోట్ల అడిగి మా వీధికి చేరాడట. చేతిలో గోనెగుడ్డ చుట్టిన చెంబు ఒకటి ఉంది. మూతికి తడిగుడ్డ వేసి నారతో బిగించి కట్టారు. పసిబిడ్డను పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"రంగూనోళ్ల ఇల్లు ఇదేనా అయ్యా?"

"ఇదే."

"మీ మనిషి పోయినాడు."

"మా మనుషులెవరూ గిద్దలూరులో లేరు" అన్నాను.

"మీరు అట్లనే అంటారని ముందే చెప్పినాడులే" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. తాను బస్టాండు పక్క హోటల్లో టీ కాస్తాననీ, పోయిన మనిషి ఆ హోటల్‌కే నీళ్లు మోసేవాడనీ చెప్పాడు. మూడు రోజులు జ్వరమట. నాలుగో రోజు తెల్లవారేసరికి లేడట.

"ఇది మీ ఇంట్లో ఇయ్యమన్నాడు. జాగర్తయ్యా, నీళ్లుండాయి. ఉత్తది తీస్కపోవద్దు, నింపి తీస్కపో అని ఒకటే పోరు. రైల్లో వొళ్లో పెట్టుకోని వచ్చినా. అయినా సగం తొణికిపాయ."

"అరుగు మీద పెట్టు."

అతనికి మజ్జిగ ఇప్పించాను. తాగి, చెంబు వైపు ఒకసారీ నా వైపు ఒకసారీ చూసి వెళ్లిపోయాడు. చెంబు మాత్రం ఇంకా అరుగు మీదే ఉంది. ఇవాళ మూడో రోజు. మా ఆవిడ దాని పక్క నుంచి ముగ్గు వేస్తోంది గాని ముట్టుకోవడం లేదు.

ఆ పోయిన మనిషి మంచివాడని చెప్పడానికి నేనిది రాయడం లేదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద అంటారు. మా ఇంట్లో మర్యాదకు ఏనాడూ లోటు లేదు. ఈ ఒక్క మనిషి మీద మాత్రం దాన్ని ఖర్చు పెట్టదలచుకోలేదు.

*

మా ఇంటి సంగతి కొంత చెప్పాలి. మా తాత మార్కాపురం పలకల్ని ఓడలకెక్కించి రంగూన్‌కు పంపిన మనిషి. అక్కడ మా దుకాణం ఉన్న వీధిలో అరవై మంది తెలుగువాళ్లు పనిచేస్తే అందులో సగం మంది మా అన్నం తిన్నవాళ్లే. బర్మా పిల్లలు అక్షరాలు దిద్దింది మా ఊరి రాయి మీద. తిరుగు ఓడలో టేకు వచ్చేది. ఈ ఇంటి పదహారు స్తంభాలు ఆ టేకువే. ఇప్పుడు ముందు భాగం పలకలు అరగదీసే వాళ్లకు బాడుగకు ఇచ్చాం. పొద్దస్తమానం రాయి గీరే చప్పుడు, బూడిద రంగు దుమ్ము. స్తంభాలు మాత్రం వాళ్లను తాకనివ్వను. వారానికొకసారి నేనే నూనెగుడ్డతో తుడుస్తాను.

నేను రంగూన్‌లో పుట్టాను. బాంబులు పడ్డ రోజుల్లో మా అమ్మనూ నన్నూ ఆడవాళ్ల గుంపుతో ఓడ ఎక్కించి నాయన అక్కడే ఉండిపోయాడు. దుకాణం సర్ది నెలలో వస్తానన్నాడు. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఓడ నిచ్చెన దగ్గర నన్ను పైకి ఎత్తి అమ్మకు అందించిన చేతులు గుర్తున్నాయి. ముఖం గుర్తులేదు. గోడ మీద ఫోటో చూసి చూసి, అదే గుర్తనుకోవడం అలవాటైంది. తక్కిన పిల్లలకు నాయన అంటే కొట్టే చెయ్యి, సంతకు పోయి తెచ్చే బొరుగులు. నాకు నాయన అంటే ఒక ఊరి పేరు. బళ్లో ఎవరైనా "మీ నాయన యాడరా?" అంటే "రంగూన్‌లో" అనేవాణ్ణి. ఆ మాట మొదట్లో గొప్పగా ఉండేది. పోను పోను పిల్లలు దాన్నే పాటగా కట్టి, నేను కనబడితే ఓడ కూత కూసేవాళ్లు.

ఓడ దిగిన ఏడాదే, వానలు మొదలైన తర్వాత ఒక పొద్దున, అతను వచ్చాడు.

మా రంగూన్ దుకాణంలో మూటలు మోసి, తూకం వేసి, నాయనకు వంట కూడా చేసిన మనిషి. హనుమంతునిపాడు వైపు పల్లె. అస్సాం కొండల మీదుగా నడిచి వచ్చాడు. ఒంటి మీద బొమికలు తప్ప ఏమీ లేవు. పాదాలు చీలి, నడిస్తే అరుగు మీద తడి గుర్తులు పడ్డాయి. ఒక చేతిలో చెంబు ఉంది. దానికి గోనెగుడ్డ చుట్టి ఉంది.

మా అమ్మ గడప దగ్గర నిలబడి ఒకే మాట అడిగింది.

"అయ్య?"

"ఎనకాల వస్తాండాడు తల్లీ."

అమ్మ లోపలికి పోయి ఎసట్లో ఇంకో మనిషికి బియ్యం పోసింది. అతనికి కాదు, నాయనకు. ఆ పూట నాయన కోసం వేసిన ఆకు సాయంత్రం దాకా అట్లాగే ఉండి ఎండిపోయింది. అతను మాత్రం తిన్నాడు. ఆ రోజు మొదలు పన్నెండేళ్లు మా అరుగు మీదే తిన్నాడు.

*

అతని తిండి చూస్తే నాకు ఒళ్లు మండేది. తల ఎత్తకుండా, ఎవరో లాక్కుంటారన్నట్టు తినేవాడు. చివర ఒక ముద్ద పంచె కొంగులో కట్టుకునేవాడు. "మళ్లీ పూటకు పెడతాం కదా, మూట ఎందుకు?" అని ఒకసారి నేను అడిగితే, "ఉండనీలే చిన్నయ్యా, నడిచేటప్పుడు పనికొస్తాది" అన్నాడు. ఎక్కడికి నడుస్తాడు? మా అరుగు నుంచి మా దొడ్డి దాకా.

నన్ను చిన్నయ్యా అనేవాడు. అమ్మ అతన్ని అన్నా అనేది. ఆ వరసన మామా అని పిలవమని నాకు చెప్పింది. మా ఇంట్లో మూటలు మోసినవాణ్ణి మామా అనడం నాకు నచ్చలేదు. ఒక్కనాడూ పిలవలేదు.

ఇంకో పాడు అలవాటు ఉండేది అతనికి. వెనక నుంచి పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. చెవుడు లేదు. ఎదురుగా గుసగుసలాడినా వినేవాడు. వీపు వెనక నుంచి గొంతు చించుకున్నా అడుగు ఆగేది, తల తిరిగేది కాదు. పిలిచినవాడు చుట్టూ నడిచి ముందుకు రావాలి. వీధి పిల్లలకు అదొక ఆట. నలుగురు వెనక చేరి "ఓ రంగూను మామో!" అని కేక పెట్టడం, అతను మేకు కొట్టినట్టు నిలబడిపోవడం. ఒకసారి నేను కూడా ఆ గుంపులో చేరాను. "ఒరే!" అని అరిచాను. అతను నిలబడలేదు. పరుగెత్తాడు. నడివయసు మనిషి, పంచె ఎగబట్టుకుని, కోమట్ల వీధి చివరిదాకా పరుగెత్తాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.

చెంబు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. గోనెగుడ్డ ఎప్పుడూ దాని ఒంటి మీద ఉండేది. చినిగితే కొత్త గుడ్డ చుట్టి దబ్బనంతో కుట్టుకునేవాడు. "నీళ్లు సల్లగుంటాయి" అనేవాడు. మా ఇంట్లో నిండా నీళ్లున్న కుండలుండగా ఆ మురికి చెంబు నీళ్లే తాగేవాడు.

అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు. మా నాయనమ్మ మంచం పట్టి "వాడు యాడికి వచ్చినాడో చెప్పరా" అని ఏడిస్తే, "ఎనకాల వస్తాండాడమ్మా." ఆమె పోయిన రోజు పాడె కడుతున్నవాళ్లు "కొడుకు కబురేమన్నా వచ్చిందా?" అంటే, "ఎనకాల వస్తాండాడు." ఊళ్లో అది ఒక తమాషా మాట అయిపోయింది. ఎవరైనా బాకీదారును తప్పించుకుంటున్నా, బస్సు ఆలస్యమైనా, "రంగూను శెట్టి మాదిరి ఎనకాల వస్తాందిలే" అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వు నా చెవిన పడ్డప్పుడల్లా నేను అసహ్యించుకున్నది నవ్వినవాళ్లను కాదు.

ఏడాదికొకసారి, వైశాఖంలో ఒక రోజు, అతను మా ఇంట్లో తినేవాడు కాదు. అన్నం ఆకులో కట్టించుకుని ఊరి బయట పలకరాళ్ల గుట్టల వైపు పోయేవాడు. తొమ్మిదేళ్లప్పుడు ఒకసారి చాటుగా వెంట వెళ్లాను. పగిలిన రాళ్ల మధ్య ఆకు పరిచి, అన్నం పెట్టి, చెంబులో నీళ్లు ఆకు చుట్టూ పోశాడు. పోసి, ఆకుకు వీపు పెట్టి కూర్చున్నాడు. కాకులు వచ్చి తిన్నాయి. అతను తిరగలేదు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"చూసినావు గదా. ఇంక ఎవురికీ చెప్పబాక" అంది అమ్మ.

"ఎవరికి పెడుతున్నాడు?"

"నీకెందుకు? పోయి పుస్తకం తియ్యి."

*

నాకు పన్నెండేళ్లప్పుడు మా బంధువుల ఇంట్లో పేరంటానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుపోయింది. ఇంటావిడ వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చింది. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు కుంకుమ భరిణెలోనే ఆగిపోయింది. పెడితే తప్పో, పెట్టకపోతే తప్పో ఆమెకు తెలియలేదు. గది నిండా ఆడవాళ్లు. వెనక నుంచి ఒక ముసలామె, మెల్లగా అంటున్నాననుకుని, అందరికీ వినబడేలా అంది.

"ఉండాడో లేడో తెల్లని మొగుడికి ఏం బొట్టు పెడతాదిలే పాపం."

అమ్మ భరిణె తన చేతిలోకి తీసుకుంది. "నాది నేనే పెట్టుకుంటాలే వదినా" అని, అద్దం లేకుండా, నుదుటి నట్టనడుమ, ఎప్పటికంటే పెద్దగా పెట్టుకుంది. తాంబూలం అడిగి మరీ తీసుకుంది. ఇంటికొచ్చేదాకా తల వంచలేదు. మా ఇంటి తల ఎట్లా ఉండాలో నేను ఆ రోజు నేర్చుకున్నాను. ఇంటి ముందుకు వచ్చేసరికి అరుగు మీద ఆ మనిషి, రోడ్డు వైపు ముఖం పెట్టి, చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మా అమ్మను చూసి లేచి నిలబడ్డాడు. అమ్మ నుదుటి వైపు చూసి తల దించుకున్నాడు. అప్పుడే నాకు తోచింది, ఇతనికి ఏదో తెలుసు, మా అన్నం తింటూ దాస్తున్నాడు అని.

అప్పటి నుంచి ఒకటే పట్టుదల. నాయన ఉంటే ఉన్నాడని తేలాలి. లేకపోతే లేడని తేలాలి. మా అమ్మ ముందు ఎవరి వేలూ భరిణెలో ఆగకూడదు.

*

మేం ఓడ దిగిన పన్నెండో ఏడు వచ్చింది. కర్నూలు రాజధాని అయిన రోజులు. మా జిల్లాకే పట్నం వచ్చిందని ఊరంతా సంబరం. నేను స్కూలు ఫైనలు రాసి ఉన్నాను. మా పురోహితుడు శాస్త్రిగారిని నేనే వెళ్లి పిలుచుకొచ్చాను.

దూరదేశం పోయినవాడి కబురు పన్నెండేళ్లు లేకపోతే, దర్భలతో మనిషి బొమ్మ చేసి, దాన్ని శ్మశానంలో దహనం చేసి, కొడుకు కర్మ చేయాలి. ఆ పైన ప్రతి ఏడూ తద్దినం పెట్టాలి అని చెప్పారు ఆయన. అమ్మ స్తంభానికి ఆనుకుని విన్నది.

"నీకు తొందరేంది నాయనా?" అంది నాతో. అంతే అంది. ఆమె నుదుటి మీద చెయ్యి వేస్తున్నది తన కొడుకే అని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు.

"తిథి కావాలి నాయనా" అన్నారు శాస్త్రిగారు. "మనిషి కడపట కనపడిన తిథి. అది తెలియని పక్షంలో అమావాస్య నాడు చేయవచ్చు, దిక్కులేని వాళ్లకు చేసినట్టు."

"మా నాయన దిక్కులేనివాడు కాదు" అన్నాను. "కడపట చూసినవాడు మన అరుగు మీదే ఉన్నాడు."

బయటికి వచ్చి అతని ఎదుట నిలబడ్డాను. శాస్త్రిగారు నా వెనక వచ్చారు.

"మా నాయన్ను నువ్వు కడసారి చూసింది ఏ రోజు?"

"ఎనకాల వస్తాండాడు చిన్నయ్యా."

"రోజు చెప్పు."

"వస్తాండాడు."

అతని మూటను కాలితో వీధిలోకి తన్నాను. పంచె, తువ్వాలు, ఎండిన అన్నం ముద్ద ఒకటి రాళ్ల మీద చెల్లాచెదురయ్యాయి. అతను మూట వైపు చూడలేదు. చెంబును రెండు చేతులా కరుచుకున్నాడు. అది చూసి చెంబు పట్టుకుని లాగాను. పాత గోనెగుడ్డ నా గోళ్లకు పర్రున చిరిగింది.

ఇత్తడి మీద చుక్కల అక్షరాలు కనబడ్డాయి. మా ఇంట్లో ప్రతి గిన్నె మీదా, ప్రతి పళ్లెం మీదా కొట్టించిన మా ఇంటి పేరు. దాని పక్కన మా నాయన పేరు.

"ఈ చెంబు నీకెక్కడిది?"

అతను అరుగు దిగి వీధిలో నిలబడ్డాడు. పైన నిలబడి చెప్పే మాట కాదనుకున్నాడేమో.

"అయ్య నడవలేక చెట్టు మొదట్లో కూలబడినాడు. వాంతులు, భేదులు. పెదిమెలు ఎండిపోయి ఉండె. ఈ చెంబు నా చేతికిచ్చి నీళ్లు తేరా అన్నె. ఏరు కింద, శానా కింద. దిగినా. నింపినా. పైకి చూస్తే ఆ కొండ మళ్ల ఎక్కాల. జనమంతా ఏటి ఎంబడి ముందుకు పోతాండారు. ఆగినోడు ఆగినట్టే, ఎవురూ నిలబడరు. కాళ్లు జనం ఎంబడి పోయినాయి చిన్నయ్యా."

"కాళ్లు పోయాయా, నువ్వు పోయావా?"

"నేనే పోయినా."

"నీళ్లు?"

"తాగినా."

పలకలు గీరే చప్పుడు అప్పట్లో మా ఇంట్లో లేదు. వీధిలో ఎవరో మేకను అదిలిస్తున్న గొంతు తప్ప ఏమీ వినబడలేదు.

"పైనుంచి పిలిచినాడు. 'ఒరే' అని. రెండు తూర్లు. తిరిగి చూళ్లా. చూస్తే ఎక్కాల్సి వస్తాదని. మర్నాడు క్యాంపులో పేర్లు రాసుకునే ఆయన, నీ ఎంట ఎవురన్నా ఉండారా అని అడిగె. ఎనకాల వస్తాండాడు అంటి. ఆ మాట అట్లనే నిలిచిపాయ."

"తిథి" అన్నాను.

"మా గుంపులో ఒక అయ్యవారు దినామూ తిథి చెప్తా నడిచేటోడు. ఆ పొద్దు వైశాఖ బహుళ నవమి. కానీ అది నేను వదిలిపెట్టిన తిథి. ఆయన పోయిన తిథి నాకెట్ల తెలుస్తాది? అందుకే ఆ పొద్దు ఆకు ఏస్తాంటి. ఉంటే ఆయన ఆకలికి, లేకుంటే కాకులకు."

"ఆకు వేయడానికి నువ్వెవరు? కొడుకును నేనుండగా?"

అతను చిరిగిన గోనెగుడ్డను చెంబు మీదికి లాక్కున్నాడు.

శాస్త్రిగారు నెమ్మదిగా, "ఆ తిథి సరిపోతుంది నాయనా. కడపట చూసిన తిథే కదా శాస్త్రం అడిగేది" అన్నారు.

"ఒకడు మా నాయన్ను వదిలి పారిపోయిన తిథికి నేను పిండం పెట్టను. అమావాస్య నాడే చేయండి."

అతను వీధిలో పడ్డ గుడ్డలు ఏరుకున్నాడు. చెంబును నా చేతికి అందించబోయాడు. నేను చేతులు వెనక కట్టుకున్నాను. నా చేతికి ఇచ్చి చేతులు దులుపుకుంటాడా? "నీ దగ్గరే ఉంచుకో. చచ్చేదాకా మోయి" అన్నాను. అతను నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ఆ రోజు నేను పిలవలేదు, అతను తిరిగి చూడలేదు.

*

లోపలికి వస్తే అమ్మ అదే స్తంభం దగ్గర ఉంది.

"విన్నావా?"

"నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"వచ్చిన మూడో నాడు. చెంబు తోముదామని గుడ్డ ఇప్పితే పేరు కనపడె. అడిగితి. ఇప్పుడు నీకు చెప్పినట్టే చెప్పినాడు."

"తెలిసి పన్నెండేళ్లు మేపావా ఆ మనిషిని?"

"చచ్చినాడని చెప్పలా గదరా. పిలిచినాడు అన్నాడు. రెండు తూర్లు పిలిచినాడంటే బతికి ఉన్నట్టే గదా. ఆ పిలుపు విన్నది ఈ భూమ్మీద ఈ మనిషొక్కడే. యాడికి పంపీమంటావు?" "ఏటేటా ఆ ఆకు నేనే కడిగి ఇస్తాంటి" అంది.

అమావాస్య నాడు కర్మ జరిగింది. దర్భల బొమ్మకు నేను నిప్పు పెట్టాను. ఎంతసేపు, ఒక్క గుక్కలో కాలిపోయింది. అమ్మ నుదురు ఖాళీ అయింది. ఆ తర్వాత మా అమ్మ ముందు ఎవరి వేలూ భరిణెలో ఆగలేదు, ఎవరూ ఆమెను పేరంటానికి పిలవలేదు కాబట్టి. నేను కోరుకున్నట్టే తేలిపోయింది. అమ్మ నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ ఏడాదంతా "అన్నానికి రా" తప్ప నాతో వేరే మాటే లేదు.

బతికి ఉన్నన్నాళ్లూ వైశాఖ బహుళ నవమి నాడు ఆమె ముద్ద ముట్టలేదు. ఆరు రోజుల తర్వాత అమావాస్య నాడు నేను తద్దినం పెడుతుంటే గడప దాటి ఇవతలికి రాలేదు. ఒకే మనిషికి ఒకే ఇంట్లో మేమిద్దరం రెండు తిథులు జరిపాం. రెండేళ్ల కిందట అమ్మ పోయింది. ఆ తర్వాత నవమి నాడు ఆకలితో ఉండేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. గిద్దలూరులో ఒకడు ఉన్నాడని నాకు తెలియదు. తెలిసినా ఆ బండి ఎక్కేవాణ్ణి కాదు.

చాలాసార్లు ఆలోచించాను, ఆ కొండ మీద నేనుంటే ఎక్కేవాణ్ణా అని. ఎక్కేవాణ్ణనే అనుకుంటాను. అనుకోవడానికి కొండ అక్కర్లేదు. అయినా అది అతని తప్పును తగ్గించదు. ఒక మనిషి నీళ్లు అడిగాడు. ఇంకో మనిషి వాటిని తాగాడు. అడిగినవాడు మా నాయన. ఇందులో నేను క్షమించడానికి చోటు వెతికాను, దొరకలేదు. దొరకనందుకు నాకు బాధ కూడా లేదు.

*

ఇంతవరకు రాసి పెట్టాక, ఇవాళ సాయంత్రం శాస్త్రిగారు వచ్చారు. కళ్లు మసకేశాయి, చేతికర్ర పట్టుకుని అరుగు మీదే కూర్చున్నారు. ఆయన మోచేతికి చెంబు తగిలింది.

"ఇదేంది నాయనా, ఎండలో చెంబు పెట్టినారు?"

"లోపల పెట్టాలి" అన్నాను.

"సరే. ఈ ఏడు కూడా అమావాస్యే గదా? భోక్తలకు చెప్పుకోవాల."

"కాదండీ. బహుళ నవమి."

ఆయన ముఖం ఎత్తారు. "ఇన్నేండ్లు అమావాస్యకు పెట్టి ఇప్పుడు మారిస్తివే. తిథి ఎవరన్నా అడిగితే ఏం చెప్పమంటావు? ఎవరు చెప్పినారని చెప్పాల?"

తువ్వాలుతో స్తంభం మీది దుమ్ము తుడిచాను.

"ఆ పొద్దు దగ్గరున్న మనిషి."

శాస్త్రిగారికి అన్నీ గుర్తున్నాయి. లేచి, కర్ర తడుముకుంటూ మెట్లు దిగారు.

ఆయన పోయాక నార విప్పాను. గోనెగుడ్డ కొత్తది, శ్రద్ధగా కుట్టి ఉంది. విప్పితే అక్షరాలు కనబడ్డాయి. తోమి తోమి చుక్కలు అరిగిపోయాయి గాని మా నాయన పేరు చదవొచ్చు. అడుగున సగానికి కాస్త తక్కువ నీళ్లు ఉన్నాయి.

నీళ్లు వీధిలో పారబోశాను. చెంబు మా నాయనది కాబట్టి లోపల పెట్టాను.